‘చ’ గడిలో మాట

మా చెల్లెలు మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద నడుం వాల్చింది, మళ్ళీ లేవలేదు. గుండెలో ఏదో లోపం ఉందని దాని పెళ్ళికి ముందే తెలుసు. మందులు వాడుతోంది, పుట్టింటికి వచ్చి నాలుగు రోజులు విశ్రాంతిగా ఉందామనుకుంది. అప్పుడు నేను పాఠాలు చెప్పే బడిలో ఉన్నాను. మా అమ్మ స్త్రీల సమాజం కూడికకి గుడికి వెళ్ళింది. మేం లూథరన్లం, చర్చిని గుడి అనే అంటాం. ఇంట్లో చెల్లెలి పక్కన ఉన్నది దాని కూతురొక్కతే, ఆరేళ్ళ పిల్ల. అమ్మ తిరిగి వచ్చేసరికి అది మంచం పట్టె మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉందట. ఆ రోజు నుంచి అది నోరు విప్పలేదు.

మా వాళ్ళలో ఎవరైనా పోతే చచ్చిపోయారు అనం. ప్రభువునందు నిద్రించారు అంటాం. గోడ మీద అంటించే కాగితంలో అదే, వీధి చివర కట్టే ఫ్లెక్సీలో అదే, సమాధి రాయి మీద అదే. పుట్టినప్పటి నుంచి వింటున్న మాట కాబట్టి నేనెప్పుడూ దాని గురించి ఆలోచించలేదు. ఆ రోజు మా ఇంటికి వచ్చిన ప్రతి ఆడమనిషీ వంగి, పిల్ల బుగ్గ పట్టుకుని, ‘అమ్మ నిద్రపోయిందమ్మా, ప్రభువు దగ్గర హాయిగా నిద్రపోతోంది’ అని చెప్పింది. పిల్ల వాళ్ళ మొహాల్లోకి చూసేది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది, కానీ అప్పుడు దాని అర్థం తెలియలేదు.

మా అమ్మ ఏడవలేదు. నిరీక్షణ ఉన్నవాళ్ళం, లోకస్థుల్లాగా గుండెలు బాదుకోకూడదని ఆవిడ నమ్మకం. సమాధి దగ్గర అందరికంటే గట్టిగా కీర్తన పాడింది. ఒక్క చోట కూడా గొంతు తడబడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను మాత్రం నేల మీద పడి ఏడ్చాను, లేవదీసినవాళ్ళని కూడా కసిరాను. ‘టీచరుగారై ఉండి అదేంటండీ’ అని ఎవరో అన్నారు. టీచరైతే చెల్లెలు ఉండకూడదా?

చెల్లెలి భర్తకి, అంటే మా మరిదికి, భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద పని. చెరువు వదిలితే అతని పని పోతుంది. కాబట్టి పిల్ల మా దగ్గరే ఉండిపోయింది. అతను ఆదివారం ఆదివారం వచ్చి, దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ‘నాన్నా అనమ్మా, ఒక్కసారి అను’ అని బతిమాలేవాడు. అది అతని చొక్కా బొత్తాలు తిప్పుతూ కూర్చునేది.

దాన్ని ఇక్కడ చేర్చిన ఇంగ్లీషు మీడియం బడిలో మిస్సుగారు నన్ను పిలిపించింది. ‘పాప అసలు మాట్లాడట్లేదండి. రీడింగ్ లేదు, రైమ్స్ లేవు. పేరు పిలిచినా పలకదు. మావాళ్ళు పైక్లాసుకి పంపరండి, ఎవరికైనా చూపించండి’ అంది. కాకినాడ తీసుకెళ్ళి చూపించాం. డాక్టరుగారు మంచాయన. గొంతులో లోపం లేదు, భయం పట్టుకుంది, మాట్లాడమని బలవంతం పెట్టకండి, ఆడించండి అన్నారు. బస్సులో వస్తూ దాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, నేను అటు తిరిగి ఏడ్చాను. చెల్లెలు ఎలాగూ లేదు. దాని గొంతులాంటి గొంతు ఈ పిల్లకి ఉండేది. అది కూడా పోతే నేను ఓర్చుకోలేననిపించింది.

దానికి ఇంకో అలవాటు పట్టుకుంది. ఇంట్లో ఎవరినీ పడుకోనిచ్చేది కాదు. మధ్యాహ్నం మా అమ్మ చాప మీద కునుకు తీస్తే వెళ్ళి చెయ్యి గిల్లేది. అప్పటికీ లేవకపోతే వేళ్ళతో రెప్పలు పైకెత్తేది. ‘ఏమే, ఈ పిల్ల నన్ను కాసేపు కన్ను మూయనివ్వదేంటే!’ అని అమ్మ విసుక్కునేది. అల్లరి అనుకున్నాం. అన్ని మాటలు తెలిసిన ఇద్దరు పెద్దవాళ్ళం ఉండి కూడా అల్లరే అనుకున్నాం.

నేను సర్కారు బడిలో రెండో తరగతికి చెబుతాను. అచ్చులూ హల్లులూ వల్లె వేయించడం మానేసి చాలా కాలమైంది. అలా వల్లె వేసిన పిల్లలు ‘అ’ నుంచి ‘ఱ’ దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు, నడుమ ఒక అక్షరం మీద వేలు పెట్టి ఇదేంటంటే మళ్ళీ ‘అ’ దగ్గర మొదలెడతారు. అందుకని నేల మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం రాసి ఆడిస్తాను. పిక్కలు వేసి, పడినన్ని గళ్ళు కాయ జరిపి, ఆగిన గడిలో ఉన్న అక్షరంతో మొదలయ్యే మాట చెప్పాలి. చెబితే కాయ అక్కడుంటుంది, చెప్పలేకపోతే వెనక్కి. మిగతాదంతా మామూలు ఆటే. మన కాయ ఉన్న గడిలోకి అవతలివాళ్ళ కాయ వస్తే మనది చచ్చిపోతుంది. చచ్చిన కాయ మళ్ళీ తన ఇంట్లోంచి బయలుదేరాలంటే ఎనిమిది, అంటే అష్టా అయినా పడాలి, నాలుగు, అంటే చెమ్మా అయినా పడాలి. చుట్టూ తిరిగి నడిమి గడిలోకి చేరితే పండినట్టు. పుస్తకం ముట్టని పిల్లలు కూడా కాయ చావకుండా ఉండడం కోసం ఎక్కడెక్కడి మాటలో తవ్వి తెస్తారు.

ఆడించండి అన్నారు కదా అని, ఒక సెలవు రోజు వరండాలో ఆ గళ్ళు గీసి, వేయడానికి నాలుగు గవ్వలు తెచ్చాను. గవ్వలు చూసి మా అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

‘సోదె చెప్పేవాళ్ళ గవ్వలు విశ్వాసుల ఇంట్లోకి తెస్తావా? పాస్టరుగారు చూస్తే ఏమనుకుంటారు?’

‘ఆడదాం రమ్మంటాను. ఆయనకి వత్తులు సరిగా రావు’ అన్నాను.

అమ్మ నవ్వలేదు. సరే, నాలుగు చింతపిక్కలు తీసి ఒక పక్క గచ్చు మీద తెల్లగా అయ్యేదాకా అరగదీసి, వాటితో మొదలుపెట్టాం. చింతపిక్కలకి మతం లేదని అమ్మ ఒప్పుకుంది.

పిల్ల పిక్కలు వేసేది, కాయ జరిపేది, మాట చెప్పేది కాదు. కాయ వెనక్కి పోయేది. దానికేమీ బాధ లేదు, మళ్ళీ వేసేది. నాకే ఉక్రోషం వచ్చేది. ఒకరోజు దాని కాయ ‘గ’ మీద ఆగింది. అది కాసేపు చూసి, లేచి, వంటింట్లోకి వెళ్ళి గరిటె తెచ్చి ఆ గడి మీద పెట్టింది. అక్షరం గుర్తుపట్టింది! చెప్పకపోయినా తెచ్చి చూపిస్తే చాలునని అప్పటికప్పుడు రూలు మార్చేశాను. ఇక చూడాలి. ‘జ’కి జల్లెడ, ‘ప’కి పలక, ‘బ’కి బకెట్టు ఈడ్చుకుంటూ వచ్చింది. ‘మ’కి మసిగుడ్డ. ‘అ’కి అట్లకాడ తెచ్చిన రోజు అమ్మ పెనం మీద అట్టు మాడిపోయింది. సాయంత్రానికి వరండా అంతా వంటింటి సామానే. మా అమ్మ గొణుక్కుంటూ ఒక్కోటీ తీసుకెళ్ళి సర్దేది, కానీ మర్నాడు ఆటవేళకి మసిగుడ్డ కనిపించేలా తనే గూట్లో ముందుకి పెట్టడం నేను చూశాను.

అక్షరాలు వచ్చేస్తున్నాయి. గొంతు మాత్రం రావట్లేదు.

వానలు పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం దాని కాయ ‘చ’ మీద ఆగింది. పరిగెత్తి చెంబు తెచ్చింది. నాలో టీచరు ఊరుకోదు కదా. ‘చెంబుకి చె కావాలి. ఇది ఒట్టి చ’ అన్నాను. చీపురు తెచ్చింది. ‘అది చీ’ అన్నాను. ఇల్లంతా వెతికింది పాపం. ఒట్టి ‘చ’తో దాని కంటికి ఒక్క వస్తువూ ఆనలేదు. చక్కెర ఉందనొచ్చు, మా వైపు దాన్ని పంచదార అంటాం, అది ‘ప’ గడికి పోతుంది. వట్టి చేతులతో వచ్చి గడి ముందు గొంతుక్కూర్చుంది. పోనీలే అని నేను అనబోతుండగా దాని పెదాలు కదిలాయి.

‘చచ్చిపోయింది’ అంది.

అన్నాళ్ళు వాడని గొంతు. బొంగురుగా, సగం గాలిగా వచ్చింది. నాకు ఒక్క క్షణం సంతోషం తప్ప ఇంకేమీ తెలియలేదు. మా అమ్మ బియ్యం చెరుగుతున్నది చెరుగుతున్నట్టే చేట పట్టుకుని వచ్చి నిలబడింది.

‘ఏమందే?’

‘కాయ గురించమ్మా. నా కాయ ఇందాక చచ్చిపోయింది కదా, అదీ’ అన్నాను గబగబా.

పిల్ల తల అడ్డంగా ఊపింది. ‘కాదు. అమ్మ’ అంది.

చేటలో బియ్యం కొన్ని కింద పడ్డాయి. ‘ఎవరు నేర్పారే దీనికి ఆ మాట?’ అని అమ్మ నా మీదికి వచ్చింది. ఎవరూ నేర్పలేదు. ఆలోచిస్తే నాకే తెలిసింది. అంతమంది వచ్చి వెళ్ళిన ఇంట్లో, మా నోట ఆ మాట వచ్చే చోటు ఆ గళ్ళ దగ్గర ఒక్కటే. నా కాయ చచ్చిపోయింది, నీ కాయ చచ్చిపోయింది, రోజుకి ఎన్నిసార్లు అనుకునేవాళ్ళమో. చచ్చిన కాయ కదలదు, గళ్ళలోంచి తీసేస్తారు, ఇందాకటి చోట ఇక కనబడదు. పిల్ల చూసింది, తను చూసినదానికి పేరు ఇదేనని తెలుసుకుంది. మిగతావాళ్ళం దానికి తప్పు పేరు చెప్పాం.

అమ్మ వంగి, అరచేత్తో ఆ ‘చ’ని తుడిచేసింది. నేను సుద్దముక్క తీసి మళ్ళీ రాశాను. ఇంకోసారి తుడిచింది, ఇంకోసారి రాశాను. సిగ్గు లేకుండా ఇద్దరం పోట్లాడుకున్నాం. ‘అదొక మాట. చ తో మొదలయ్యే మాట. సరిగ్గా చెప్పింది’ అని అరిచాను. పిల్లవైపు తిరిగి, ‘నీ కాయ అక్కడే ఉంటుందమ్మా’ అన్నాను.

అమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. పిల్ల పిక్కలు చేతిలో పట్టుకుని, వెయ్యకుండా, నన్ను అడిగింది.

‘చచ్చిపోయిన కాయ మళ్ళీ ఇంట్లోంచి వస్తుంది కదా పెద్దమ్మా?’

‘వస్తుంది.’

‘అమ్మ?’

తరగతిలో ఏ ప్రశ్నకీ తడుముకోని దాన్ని. అప్పుడు మాత్రం అబద్ధం చెబుదామా అనిపించింది. ‘అమ్మ కాయ కాదమ్మా. మనుషులు చచ్చిపోతే మళ్ళీ రారు’ అన్నాను.

‘అష్టా పడినా?’

‘అష్టా పడినా.’

అది పిక్కలు కింద పెట్టేసి నా ఒళ్ళోకి వచ్చి ఏడ్చింది. తల్లి పోయాక అది ఏడవడం అదే మొదటిసారి. నేను ఊరుకోమనలేదు, నేనూ ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి అక్కడే, గచ్చు మీద, నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని పడుకుంది. సాయంత్రం మా అమ్మ గదిలో గురక పెడుతోంటే పిల్ల వెళ్ళి రెప్పలు ఎత్తలేదు. అప్పుడు అర్థమైంది నాకు, ఆ గిల్లుళ్ళన్నీ ఎందుకో. నిద్రపోయినవాళ్ళని పెట్టెలో పెట్టి తీసుకుపోతారని కదా మేం దానికి చెప్పింది! అది మమ్మల్ని కాపలా కాస్తోంది.

ఆ తరవాత మాటలు వచ్చాయి. ముందు గళ్ళ దగ్గరే, తరవాత వంటింట్లో, తరవాత బడిలో. మరిదిని ‘నాన్నా’ అన్న రోజు అతను గేటు బయటికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు. నేను గళ్ళలో గుణింతాలు పెట్టాను, అవి వచ్చాక వత్తులు పెట్టాను. అది కనపడిందల్లా చదవడం మొదలుపెట్టింది. కొట్టు బోర్డులు, మందు డబ్బాలు, బస్సుల మీద ఊళ్ళ పేర్లు. ‘ద్రాక్షారామం’ అని పూర్తిగా చదివిన రోజు బస్సు కండక్టరుగారు చాక్లెట్టు ఇచ్చారు. సంతోషించాల్సిందే, సంతోషించాను. చెల్లెలు ఉంటే ఈ పిల్లని చంకనెత్తుకుని ఊరంతా చూపించేది కదా అని ప్రతిసారీ అనిపించేది. ఆ పూట నాకు అన్నం సయించేది కాదు.

మా అమ్మ ఆ మాట గురించి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే కాదు, ఆట ఆడే వేళకి పెరట్లోకి వెళ్ళిపోయేది.

సమాధికి రాయి వేయించే సమయం వచ్చింది. మరిది వచ్చి, ఏం చెక్కించాలో చెప్పండి అత్తయ్యగారూ అన్నాడు. పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు, కింద ప్రభువునందు నిద్రించెను అని అమ్మ చెప్పేసింది.

‘అలా వద్దమ్మా. మరణించెను అని రాయిద్దాం’ అన్నాను.

‘ఏం?’

‘పిల్ల చదువుతుంది. దానికిప్పుడు చదవడం వచ్చు.’

‘చదవనీ. మీ నాన్నగారి రాయి మీద ఏముంది? మా అమ్మ రాయి మీద ఏముంది? నా కూతురొక్కతే దిక్కులేనిదానిలా మరణించెనా?’

‘నిద్ర అన్నందుకే కదా అది మనిద్దరినీ ఆర్నెల్లు పడుకోనివ్వనిది!’

‘వదినా, అత్తయ్యగారు చెప్పినట్టే కానివ్వండి’ అన్నాడు మరిది తల వంచుకుని. అతను ఎవరినీ నొప్పించలేని మనిషి. నేను విసవిసా వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు ఎత్తెత్తి పడేశాను. ఎన్ని గిన్నెలు పడేసినా రాయి మీద అమ్మ మాటే పడింది.

నవంబరులో సమాధుల పండగ వచ్చింది. ఆ రోజు మా వాళ్ళమంతా కాలవ పక్కన తోటకి వెళ్తాం, సమాధుల తోట అంటాం. పగలు కలుపు పీకి, సున్నం వేసి, చీకటి పడే వేళకి బంతిపూలూ చామంతులూ పరిచి కొవ్వొత్తులు వెలిగిస్తాం. పిల్లలు సమాధుల మధ్య పరుగులు పెడతారు, ఎవరూ కసరరు. దుఃఖం పాతబడినవాళ్ళకి అది నిజంగా పండగే. మాది కొత్త రాయి.

అమ్మ పూలు పరిచింది. నేను కొవ్వొత్తి వెలిగించాను. మరిది ఆ రోజు రాలేకపోయాడు, చెరువులో రొయ్యలు పడుతున్నారు. పిల్ల రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెక్కిన అక్షరాల గాడిలో వేలు పెట్టి చదవడం మొదలెట్టింది. ముందు వాళ్ళమ్మ పేరు. అది చదివి ఆగి, నావైపు చూసింది. నేను తలూపాను. తరవాత కింది వరస.

‘ప్ర...భు...వు...నం...దు. ని...ద్రిం...చె...ను.’

రెండు వత్తులూ ఎక్కడా తప్పలేదు. పక్క సమాధి దగ్గరున్న పెద్దావిడ, ‘అబ్బ, ఎంత చక్కగా చదివిందండీ మీ మనవరాలు!’ అంది. మా అమ్మ మొహం విప్పారింది. నావైపు చూసింది కూడా, చూశావా ఏమీ కాలేదు అన్నట్టు.

పిల్ల లేచి మోకాళ్ళకి అంటిన సున్నం దులుపుకుంది.

‘అమ్మమ్మా, ఇది తప్పు రాశారు’ అంది.

‘తప్పు కాదు తల్లీ. అలాగే రాస్తారు.’

‘తప్పే. నిద్రపోతే పిలిస్తే లేస్తారు. ఆ రోజు నేను చాలాసేపు పిలిచాను. నువ్వు గుడి నుంచి వచ్చేదాకా పిలిచాను.’

ఇంతకాలం అది నోరు విప్పి ఎన్ని మాటలు చెప్పినా ఈ మాట చెప్పలేదు. మేమూ అడగలేదు. అమ్మ వచ్చేసరికి మంచం పట్టె మీద కూర్చుని ఉందని మాత్రమే మాకు తెలుసు. అంతకుముందు ఏం జరిగిందో ఆలోచించే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

నేను దాన్ని దగ్గరికి తీసుకోబోయాను. నాకంటే ముందే మా అమ్మ సమాధి అంచు మీద కూలబడి దాని రెండు చేతులూ పట్టుకుంది.

‘నేనూ పిలిచానే తల్లీ’ అంది. ‘వచ్చి నేనూ పిలిచాను. భుజం పట్టుకుని ఊపాను. మొహం మీద నీళ్ళు కొట్టాను. లేవలేదే. నా బిడ్డ లేవలేదు. చచ్చిపోయింది.’

ఆ మాట ఆవిడ నోటి నుంచి వచ్చాక ఇంక ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుందామని చూసింది, కుదరలేదు. కొవ్వొత్తులు వెలిగించుకుంటున్నవాళ్ళు తిరిగి చూశారు. ఏడవకూడదని అందరికీ చెప్పే మనిషి, రాయి మీద తల ఆనించి, కూతుర్ని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. పిల్ల ఆవిడ పక్కనే కూర్చుని, అది కూడా వాళ్ళమ్మని పిలిచింది.